జత అంటే కవలలు

చిట్టితల్లీ, మన కంప్యూటరుకు రెండో మెమరీ ముక్క కొనేశావా, ఇంకా లేదా? ప్రభువు కృపవల్ల నేను క్షేమం.

ఇక్కడి ప్రార్థనామందిరం కంప్యూటరు నా చేతుల్లోనే పాడైంది. ఉన్న మెమరీ ముక్కకు జత తెమ్మన్నారు సంఘంవాళ్లు. బైబిల్లో జలప్రళయమప్పుడు ఓడలోకి జంతువులు ఆడా మగా జతగా ఎక్కాయని ఇన్నేళ్లుగా బోధిస్తున్నవాణ్ణి, జత అంటే రెండూ వేరుగా ఉండాలనుకుని వేరే రకం తెచ్చాను. అది కంప్యూటరులో ముక్క బిగించే గాడిలో దిగలేదు. విశ్వాసంతో బొటనవేలు పెట్టి నొక్కాను. గాడి విరిగింది. మెకానిక్ చూసి, "అయ్యగారూ, ఇది పెళ్లి కాదండీ, దీనికి కవలలు కావాలి!" అన్నాడు. పాతదాని మీద అచ్చేసిన రకం, వేగం కొత్తదాని మీదా అవే ఉండాలట. తెలియక నొక్కడం విశ్వాసం కాదు, మొండితనం. ఆదివారం అందరి ముందూ ఒప్పుకున్నాను.

నీ టైపు పనితోనే ఇల్లు నడుస్తోంది. మన కంప్యూటరు గాడి కూడా అలా విరిగితే పొయ్యి వెలగదు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా చదువు కళ్లద్దాలు పంపు. దేవుడు మిమ్మల్ని కాపాడును గాక. మీ నాన్న.

కొనేసి ఉంటే బిగించకు. ఈ కార్డు అందిన పూటే కరెంటు తీసేసి, పాత ముక్క ఊడదీసి, చేతపట్టుకుని దుకాణానికి వెళ్లి, అచ్చం అలాంటిదే అడుగు. రేపు అనకు, ఇవాళే వెళ్లు!