ఆసుపత్రికి చేరనివాళ్లు

బావా,

ఈ ఉదయం ఏడింటికి మన మండల కేంద్రంలోనే మీ చెల్లికి మొదటిసారి డయాలసిస్ చేశారు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాం. "అన్నయ్యకి సెప్తే నమ్మడు," అంది కంచం ముందు కూర్చుని.

నీకు ఇదే జబ్బు వచ్చినప్పుడు విశాఖ తప్ప దారి లేదు. ఉద్దానం నుంచి చీకటితోనే బస్సెక్కేవాళ్లం. కిటికీ సీటు నీదే. దేశాల వైద్యాన్ని పోలుస్తూ మా పత్రికలో నేను రాసిన కథనాన్ని ఒకసారి అందరికీ వినిపించేలా చదివావు. "సూడు బావా, ఏ దేశం ఆస్పత్రిలో ఎంతమంది బతికినారో రాసినావు. ఆస్పత్రి దాకా రాలేనోళ్ల సంగతేటి?" అన్నావు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

చివరి నెలల్లో ఆ ప్రయాణానికి ఓపిక లేక మానేశావు. ఇంట్లోనే పోయావు కాబట్టి ఏ ఆసుపత్రి మరణాల లెక్కలోనూ నువ్వు లేవు.

నిన్న పత్రిక డెస్క్ నుంచి దేశాలను అలాగే పోల్చే పట్టిక ఒకటి వచ్చింది. ఆసుపత్రి మరణాలు తక్కువున్న దేశాన్ని పైన పెట్టారు. వైద్యం దగ్గర్లో ఉంటే జబ్బు ముదిరినవాళ్లు కూడా చేరతారు, అక్కడ మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. చేరలేక ఇంట్లో పోయినవాళ్లనూ కలిపితేనే పోలిక సరైనదవుతుందని చెప్పాను.

"ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు డెస్క్ ఇన్‌ఛార్జి.

వెతుకుతాను, అప్పటిదాకా అచ్చు వేయకుండా ఆపమన్నాను. ఆపాడు.

మీ చెల్లికి మళ్లీ గురువారం ఏడింటికి. ఆటో మాట్లాడాను.