ఒక అడుగు ఎత్తు

సెప్టెంబరు 14, 1997
మిన్నెసోటా

చిట్టితల్లి బ్రీటాకు,

నీ ఉత్తరం అందింది. పైన తేదీ లేదు. పిల్లలకు పాఠాలు చెప్పేదానివి, ఇకనైనా వెయ్యి.

మీ తాతయ్య ఎలా ఉన్నారని అడిగావు. పక్షవాతం వచ్చి ఆరు నెలలైనా కుడివైపు కదలిక రాలేదు. నోట నాలుగైదు మాటలకు మించి రావు. పెద్దల హోమ్‌లో ఆయన్ని శుభ్రంగానే చూస్తున్నారు, వేళకు తిండి పెడుతున్నారు. కాని నేను లేచి వచ్చేటప్పుడల్లా ఎడమచేత్తో నా కోటు గుండీ పట్టుకుంటారు. ఒక్కొక్క వేలూ విప్పి బయటపడాల్సి వస్తోంది. అందుకే ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మీ అమ్మకు ఇది ఇష్టం లేదు. "అమ్మా, నీకు డెబ్భై ఆరు. నాన్నని చూసుకోడానికి ఒక మనిషి కావాలి, నిన్ను చూసుకోడానికి ఇంకో మనిషి కావాలి" అంది. "నువ్వున్నావుగా జనెల్" అన్నాను. ఫోను పెట్టేసింది.

మన ఇంటి సంగతి నీకు తెలుసు. ముందు గుమ్మానికి ఎనిమిది మెట్లు. దాన్ని మత ప్రచారకులు తప్ప ఎవరూ వాడరు. మనవాళ్ళంతా గ్యారేజీలోంచి నేరుగా వంటింట్లోకి వస్తారు. తాతయ్య చక్రాల కుర్చీ కూడా అలాగే రావాలి. చర్చివాళ్ళు తమ వాన్ ఇస్తామన్నారు. కుర్చీతో సహా మనిషి పట్టేలా దాని కప్పు పెంచి కట్టారు. వంటింటి గుమ్మానికి రెండు మెట్లున్నాయి కదా, వాన్ గ్యారేజీ లోపలిదాకా వస్తేనే, కుర్చీని దించే దాని పలక సరిగ్గా గుమ్మం మట్టానికి ఆగుతుంది. మన గ్యారేజీకేమో రెండు చిన్న తలుపులు, వాటి మధ్య స్తంభం. వాన్ అద్దాలు రెండువైపులా గీసుకుంటాయి.

తలుపులు బిగించే రూడీ పకెట్ వచ్చి కొలిచాడు. "ఉన్నవే తీసి కొత్తవి పెట్టాలంటే పదకొండు వందల డాలర్లండీ ఆర్డిస్ గారూ. స్తంభం పీకేసి, పైన పెద్ద దూలం వేసి, రెండిటికీ కలిపి ఒకటే తలుపు పెట్టాలంటే ముప్ఫై నాలుగు వందలు."

"వెడల్పు రెట్టింపైతే ఖర్చు మూడింతలు దాటుతుందా? నేను బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని నాయనా."

"తలుపుదేముందండీ, తంటా అంతా గోడతోనే. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది. స్ప్రింగులు రెండు కావాలి, మోటారు పెద్దది కావాలి."

"ఎత్తు కూడా ఒక అడుగు పెంచితే?"

రూడీ తల పైకెత్తి ఈల వేశాడు. "పైన గది ఉందిగా. దాన్ని కింద నుంచి ఆపి ఉంచి, గోడ కోసి, దూలం పైకి జరపాలి. ఇంకో ఇరవై తొమ్మిది వందలు. వద్దండీ, మా ఆవిడ వింటే మీ ఇల్లు చూపించి మా ఇల్లూ కొయ్యమంటుంది."

వాన్ తెప్పించి, తలుపు ముందు నిలబెట్టి, నేనే కుర్చీ ఎక్కి కొలిచాను. దాని కప్పు, మన దూలం కంటే రెండంగుళాలు కిందికే ఉంది. అది చాలు. వెడల్పు తలుపు ఒక్కటే పెట్టమన్నాను.

స్వెటరు పంపుతున్నాను. వేడినీళ్ళలో వేసి పాడుచెయ్యకు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ ఆర్డిస్


జనవరి 18, 1998

బ్రీటా, తల్లీ,

ఇది చదివి మీ అమ్మకు ఫోను చెయ్యకు. ఇందులోది నీకు మాత్రమే రాస్తున్నాను.

తలుపు అక్టోబరులోనే పెట్టారు. ఈలోగా తాతయ్యకు న్యుమోనియా రావడం, తగ్గడం, తిరగబెట్టడంతో సరిపోయింది. చివరికి పోయిన ఆదివారం, ఆయన పుట్టినరోజున, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం కిందిగదిలో వేయించాను. మాంసం, బంగాళాదుంపలు కలిపి ఆయనకిష్టమైనట్టు ఓవెన్‌లో పెట్టాను. ఊపిరి మీసాల మీద గడ్డకట్టేంత చలి. చర్చి గేలన్ వాన్ తోలుకొచ్చాడు. తలుపు పైకి లేచింది. ముందు చక్రాలు లోపలికి వెళ్ళాయి. వెనక చక్రాలు సిమెంటు పలక మీదికి ఎక్కేసరికి పైన కర్రుమని చప్పుడు. వాన్ ఆగిపోయింది.

నేల పొంగింది బ్రీటా. కింద నీరు గడ్డకట్టి, గ్యారేజీ ముందున్న పలకను పైకి ఎత్తేసింది. ఈ ఊళ్ళో పుట్టి ప్రతి చలికాలం అది చూస్తున్న మనిషిని, సెప్టెంబరు ఎండలో నిలబడి కొలత తీసుకున్నాను.

ఇరుగుపొరుగు మగవాళ్ళు పారలు పట్టుకుని వచ్చేశారు. ఒకడు టైర్లలో గాలి తీశాడు. ఇంకొకడు "బరువు పడితే దిగుతుంది, అందరూ ఎక్కండి" అన్నాడు. గేలన్ పక్కింటి లాయిడ్‌ని చూసి, "నువ్వు ముందెక్కరా. నీ పొట్ట ఇన్నాళ్ళకి నలుగురికీ పనికొస్తుంది" అన్నాడు. "నా పొట్ట కాదురా, మా ఆవిడ కేకులు. ఆవిడకి చెప్పు థాంక్సు" అంటూ లాయిడ్ ఎక్కాడు. అందరూ నవ్వారు. వాన్ ఇంకో అడుగు జరిగింది. కప్పు రేకు చీరుకుపోయి మళ్ళీ ఇరుక్కుంది. ఆ చప్పుడు సరిగ్గా తాతయ్య నెత్తిన.

"పోనీలే ఆర్లిన్, వాన్ వెనక్కి తీసి నిన్ను కుర్చీతో సహా మోసుకుపోతాం. ఎంత సేపు!" అన్నాడు లాయిడ్ తాతయ్యతో.

మా వైపు మనుషులకు చావడమైనా తేలికే గాని ఇంకొకరిని శ్రమపెట్టడం తేలిక కాదు. తాతయ్య ఎడమచేత్తో వాన్ సీటు కడ్డీ పట్టుకున్నారు. "చాలు" అన్నారు. లాయిడ్ ఇంకా ఏదో బతిమాలాడు. "చాలు, చాలు." ఈ వీధిలో ఎవరి కారు మంచులో దిగబడ్డా ట్రాక్టరుతో లాగినవాడు ఆయన. వాళ్ళందరి ఎదుటా ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, ఆ మగవాళ్ళు బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. గేలన్ ఆయన్ని వెనక్కి తీసుకుపోయాడు. ఆ రోజు నా గుండీ పట్టుకోలేదు.

నేల కుదుటపడితే ఏప్రిల్‌లో చూద్దామన్నారు హోమ్‌వాళ్ళు.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది చెబుతాను. గది కూలుతుందనో, రూడీ వద్దన్నాడనో ఆ అడుగు ఎత్తు మానుకోలేదు. బ్యాంకులో డబ్బుంది. ఆయన మహా అయితే రెండేళ్ళు ఉంటారని డాక్టరు నాతో ఒంటరిగా అన్నాడు. ఇరవై తొమ్మిది వందలను రెండు చలికాలాలతో భాగించాను. కాగితం మీద కూడా కాదు, రూడీ ఎదుట నిలబడి మనసులోనే. ఒక్కో చలికాలానికి అంత ఖర్చు అనవసరం అనిపించింది. యాభై రెండేళ్ళు కలిసి బతికిన మనిషిని అలా భాగించాను. నువ్వు నన్ను అసహ్యించుకోవచ్చు. ఉత్తరం మాత్రం రాయి.

మీ అమ్మమ్మ


ఏప్రిల్ 27, 1998

బ్రీటా,

నువ్వు తాతయ్య అంత్యక్రియలకు వచ్చి వెళ్ళి నెల దాటింది. నేను ఆ రోజు ఏడవలేదని మీ అమ్మ నీతో చెబుతుంటే విన్నాను. నిజమే.

జనవరి తరవాత ఆయన చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేవారని నీకు చెప్పలేదు. న్యుమోనియా మూడోసారి వచ్చిందని డాక్టరు రాశాడు. అలాగే ఉండనీ. నీ ఉత్తరంలో "ఎవరైనా అలాగే లెక్కవేసుకుంటారు అమ్మమ్మా" అని రాశావు. నీ మంచితనం కొద్దీ రాశావు. ఎవరైనా వేసుకుంటారేమో. ఆయన మాత్రం నా విషయంలో వేసుకునేవారు కాదు. ముందు గోడ కోసేసి, తరవాత ఖర్చెంతని అడిగేవారు.

నిన్న చర్చి అయ్యాక గేలన్‌ని వాన్ తీసుకురమ్మన్నాను.

"ఎందుకు ఆర్డిస్?"

"తీసుకురా."

"కప్పు బాగుచేయించాం. డబ్బులేమీ అక్కర్లేదు నీ దగ్గర."

"డబ్బు మాట ఎత్తానా నేను? తీసుకురా."

మంచు కరిగి పలక తన చోటికి తాను దిగిపోయింది. నేను తలుపు పైకెత్తి వంటింటి వైపు నిలబడ్డాను. గేలన్ ఖాళీ వాన్‌ని మెల్లగా పోనిచ్చాడు. ముందు చక్రాలు, తరవాత వెనక చక్రాలు. ఎక్కడా తగల్లేదు. పైన వెలుతురు గీత ఒకటి కనిపించింది, అంతే. మొత్తం లోపలికి వచ్చేసింది. గేలన్ ఇంజను ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"కుర్చీ పలక దించు" అన్నాను.

"ఆర్డిస్, ఎందుకమ్మా ఇదంతా…"

"దించు గేలన్."

దించాడు. అది మూలుగుతూ కిందికి వచ్చి సరిగ్గా వంటింటి గుమ్మం ఎదుట ఆగింది. గుమ్మం తలుపు తీసి పట్టుకున్నాను. కుర్చీ నెట్టుకుంటూ పోవడానికి ఎంత వీలుగా ఉందో చూశాను. గేలన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అలా ఎంతసేపు తలుపు పట్టుకున్నానో తెలియదు. చెయ్యి నొప్పెట్టింది, అయినా వదలబుద్ధి కాలేదు.

మీ అమ్మమ్మ
ఆర్డిస్