తాయెత్తు వద్దన్నాను

గోపాల్‌పేట, మంగళవారం రాత్రి

ఆశా డ్యూటీలో భాగంగా ఈ రోజు బాలమ్మ మనవణ్ణి చూసొచ్చాను. పుట్టి పద్నాలుగు రోజులు. తలుపు చప్పుడైనా చేతులు రెండూ చాపి ఉలిక్కిపడుతున్నాడు. నేను వెళ్లేసరికే బాలమ్మ నల్లదారంతో తాయెత్తు తెప్పించి పెట్టుకుంది.

"వీనికి గాలి సోకింది ఆశమ్మా. ఊకె దడుసుకుంటుండు."

"దడుసుడు కాదు పెద్దమ్మా. పుట్టిన పిల్లలందరు గిట్లనే చేస్తరు. నాలుగైదు నెలలకు అదే పోతది. గిట్ల చెయ్యకుంటేనే పరేషాన్ కావాలె" అన్నాను.

బాలమ్మ తాయెత్తును కొంగున ముడేసుకుంది. నా మాట నెగ్గిందన్న సంతోషంతో ఇంటికొచ్చాను.

సాయంత్రం వంటింట్లో నా చేతిలోంచి స్టీలు తాంబాలం జారింది. గడప దగ్గరున్న పిల్లి బయటికి దూకింది. పక్కనే చాప మీద నా కూతురు సుజాత కన్న పాప, ఇరవై రోజులది, మేలుకునే ఉంది. వేలు కూడా కదపలేదు.

"చూసినవా అమ్మా, నా బిడ్డ ఎంత సప్పుడైనా బెదరదు!" సుజాత మురిసిపోయింది.

నేనూ నవ్వాను. పాప అరచేతిలో నా వేలు పెడితే గట్టిగా పట్టుకుంది. పాలు కూడా బాగానే తాగుతోంది. ఒక్కసారి కదలనంత మాత్రాన ఏమీ కాదని ఊళ్లో అందరికీ చెప్పేది నేనే. రేపు ఏదో ఒక వంక చెప్పి, వనపర్తి దవాఖానలో పాప చెవులు చూపించాలి.

తాంబాలం ఇంకోసారి జారవిడిస్తే అక్కడే తెలిసిపోయేదేమో. దాన్ని తుడిచి, చప్పుడు కాకుండా గూట్లో పెట్టాను.