మా తోడల్లుడు గ్యాస్ కట్టిన జీపు

డిసెంబరు 3

ప్రసాదరావు గారు జీపుకి గ్యాస్ పెట్టిస్తారట. నా దగ్గర కాదు, విస్సన్నపేటలో. మా తోడల్లుడు రమణ దగ్గర.

పద్దెనిమిదేళ్ళుగా ఆ బండి తిరువూరులో నా షెడ్డు దాటి ఇంకో షెడ్డు గడప తొక్కలేదు. రెడ్డిగూడెం నుంచి వస్తుంటే, మలుపు తిరక్కముందే చప్పుడు విని చెప్పేవాణ్ణి, ఏ ప్లగ్గు సరిగ్గా కాలడం లేదో. గుట్ట మీద మామిడితోటకి ఫోర్ వీల్ గేరు వేసుకుని రోజూ ఎక్కి దిగే బండి. దాని వొంట్లో నా చెయ్యి తగలని బోల్టు లేదు.

"పెట్రోలు మంచినీళ్ళు తాగినట్టు తాగుతోంది శేషూ, నన్నేం చెయ్యమంటావ్?" అన్నారు ఫోన్లో. ఆ మాటకి బాధ లేదు. తర్వాత ఇంకోటన్నారు. "అయినా పరాయివాడా ఏంటి, మీవాడే కదా!"

మీవాడే! ఒళ్ళు మండిపోయింది.

డిసెంబరు 4

సుజాత సంబరం చూడలేక చస్తున్నాను. "మా మరిది చేతిలో పడిందంటే ఇంక ఆ బండికి తిరుగులేదు" అంటోంది. ఇరవై రెండేళ్ళుగా మొగుడి పనితనం చూస్తోంది... ఒక్కనాడు, ఒక్క ముక్క? ఎప్పుడూ పొరుగింటి పుల్లకూరే రుచి.

మారు అడగలేదు. మజ్జిగ పోసుకుని లేచాను.

డిసెంబరు 6

పనిమీద విస్సన్నపేట వెళ్ళాను. పని అబద్ధం. వాడి షాపు చూడ్డానికే వెళ్ళాను, ఈ పేజీకి కూడా అబద్ధం చెప్పడమెందుకు.

గాజు తలుపు. నీలం యూనిఫాం, జేబు మీద దారంతో పేరు. లైసెన్సు కాగితం ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన. నేల మీద నూనె చుక్క లేదు. గోళ్ళల్లో గ్రీజు లేనివాడు మెకానిక్ ఏంటి, బ్యాంకు మేనేజరు గాక!

పదమూడో నంబరు స్పానరేదో పద్నాలుగేదో తెలియని రోజుల్లో మూడేళ్ళు నా దగ్గర చేశాడు. తర్వాత విజయవాడ వెళ్ళి గ్యాస్ పని నేర్చుకొచ్చాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు. "మా అన్నయ్య, నా గురువు" అని కస్టమర్లకి చెప్పాడు.

తిట్టినా బావుండేది.

డిసెంబరు 8

ఫోన్ చేశాడు. జీపు వాడి షాపులో ఉంది.

"అన్నయ్యా, ఒక్క డౌటు. ఈ ఇంజన్లో థర్మోస్టాట్ ఉంది కదా? హౌసింగ్ బోల్టులు తుప్పు పట్టేసినయ్. ఇప్పితే విరిగేట్టున్నాయి. మీరు చెప్తే చాలు, ఇప్పను."

"ఎందుకుండదు" అన్నాను.

"సరే అన్నయ్యా, థ్యాంక్స్."

లేదు. ఆరేళ్ళ కిందట ఒక మే నెలలో ఇంజన్ వేడెక్కుతోందంటే నేనే పీకి పారేశాను. ఈ ఎండల్లో అందరం చేసేదే, ఇంజన్ చల్లగా ఉంటుందని. పెట్రోలు బండికి పర్లేదు. గ్యాస్ బండికి అలా కాదు. సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ ముందు రెడ్యూసర్ అనే డబ్బాలోకి వెళ్తుంది. ఇంజన్లో కాగిన నీళ్ళే ఆ డబ్బాని వేడిచేస్తాయి. నీళ్ళు కాగేదాకా ఇంజన్లోనే ఆపి ఉంచే చిన్న తలుపు థర్మోస్టాట్, అది లేకపోతే చలిపొద్దున తొందరగా కాగవు. గ్యాస్ చల్లదనానికి డబ్బా గడ్డకట్టి ఇంజన్ ఆగిపోతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. వాడి గ్యాస్ పని పుస్తకమే తెచ్చి చదివాను, పోయినేడు, ఎవరికీ చెప్పకుండా.

డిసెంబరు 9

బానెట్ ఆఖర్న ఎవరు మూస్తే బండి బాధ్యత వాళ్ళదే. నా షెడ్డులో మొదటి రోజు చెప్పే మాట అదే. ముందు ఎవడు ఏం చేశాడన్నది అనవసరం. మూసేవాడు చూసుకుని మూయాలి.

ఈసారి మూసేది వాడు. నాకేంటి?

డిసెంబరు 12

ప్రసాదరావు గారు కొత్త గ్యాస్ బండి చూపించడానికి వచ్చారు. కొత్త పెళ్ళికొడుకులా దిగారు. డెబ్బయ్యేళ్ళ మనిషి! వెనక సీటు కింద సిలిండర్, డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్చి — ఇటు పెట్రోలు, అటు గ్యాస్. ఆర్.సి.లో కూడా ఎక్కించుకున్నారు.

"చూడు శేషూ, ఎలా కట్టాడో!"

బానెట్ ఎత్తి పావుగంట వెతికాను. ఒక్క తప్పు... ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. రాగి గొట్టాన్ని ఎక్కడా నలగకుండా వంచాడు. వేడి తగిలేచోట రబ్బరు తొడిగాడు. క్లిప్పులన్నీ ఒకే దిక్కుకి. నేను చేసినా అంత నీటుగా రాదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

డబ్బాకి వెళ్ళే నీళ్ళ గొట్టం పట్టుకుని చూశాను. రెడ్డిగూడెం నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చిన బండి. గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలాలి. గోరువెచ్చగా ఉంది.

"ఎలా ఉంది?"

"బానే కట్టాడండి."

బానెట్ నేనే మూశాను. ఏదో అలవాటుకొద్దీ.

డిసెంబరు 15

చలి పెరిగింది. పొద్దున తొమ్మిదైనా పొగమంచు పోవడం లేదు.

డిసెంబరు 19

ప్రసాదరావు గారి ఫోన్. పొద్దున్నే మిట్ట ఎక్కుతుంటే బండి ఆయాసపడుతోందట, ఎండెక్కాక బానే లాగుతోందట.

"రమణకి చెప్పారా?"

"చెప్పా. వెంటనే తీసుకురమ్మన్నాడు. మామిడి పూత మీదుంది కదయ్యా, మందు కొట్టడం అయ్యాక వెళ్తా. నువ్వేమంటావ్?"

ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క ముక్క. నోటిదాకా వచ్చింది. అంతలోనే ఆయన, "వాడైతే దేవుడయ్యా, రాత్రి ఫోన్ చేసినా పలుకుతాడు" అన్నారు.

"కొత్త కదండీ, అలవాటు పడాలి" అన్నాను.

పద్దెనిమిదేళ్ళలో నేను పలకని రోజేది?

డిసెంబరు 23

అయిపోయింది.

పొద్దున్నే, మంచులో, వెనక మందునీళ్ళ డ్రమ్ము వేసుకుని గుట్ట ఎక్కుతున్నారు. సగంలో ఇంజన్ ఆగింది. పెట్రోలుకి తిప్పారు. అప్పటిదాకా గ్యాస్ మీదే నడిచిన బండి, కార్బురేటర్లో పెట్రోలు చుక్క లేదు. ఆ బరువుకి బ్రేకు నిలవలేదు. వెనక్కి జారి, కాలవ గట్టున మామిడిచెట్టుకి కొట్టుకుని ఆగింది. ఆయన ఎడమ మణికట్టు విరిగింది.

ఆ చెట్టు లేకపోతే? కింద నలభై అడుగుల లోతు.

కబురు తెచ్చిన తోట మనిషి అన్నాడు: "ఆ డబ్బా మీద తెల్లగా మంచు కట్టిందండీ. ఇంత మంచు! మన ఊళ్ళో ఎప్పుడన్నా చూశామా?"

నేను చూశాను. పదిహేను రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాను, కళ్ళు మూసుకుంటే చాలు.

డిసెంబరు 24

రెడ్డిగూడెం వెళ్ళాను. చేతికి కట్టు. వాకిట్లో మంచం మీద కూర్చుని నన్ను చూసి నవ్వారు.

"నీ మాట వినకపోతే ఇంతేనయ్యా."

నేనేం మాట చెప్పానని?

పరామర్శకి వచ్చినవాళ్ళంతా గ్యాస్‌ని తిట్టారు, రమణని తిట్టారు. "జేబుమీద పేరు కుట్టించుకుంటే పనొస్తుందా?" అన్నాడొకడు. నేను మనసులో ఎన్నిసార్లు అనుకున్న మాటో అది. ఇంకొకరి నోట వినగానే... నిజం రాయాలిగా, తియ్యగా ఉంది. పది నిమిషాలు తియ్యగా ఉంది.

తర్వాత ప్రసాదరావు గారు కుడిచేత్తో మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయారు. ఎడంచెయ్యి ఆనించే అలవాటున్న మనిషి. నీళ్ళు పంచె మీద ఒలికాయి.

టీ తాగకుండా వచ్చేశాను.

డిసెంబరు 26

సుజాత, రమణ భార్యగా ఉన్న వాళ్ళ చెల్లెలు పద్మ ఫోన్లో ఒకటే ఏడుపు. రెండు కార్ల వాళ్ళు గ్యాస్ వద్దని రమణ దగ్గర్నుంచి వెనక్కి వెళ్ళిపోయారట.

"మీరన్నా వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పండి. మీరంటే ప్రాణం వాడికి" అంటోంది సుజాత.

కసురుకున్నాను. ఎందుకు కసురుతున్నానో ఆమెకి అర్థం కాలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నానని ఆమెకేం తెలుసు.

డిసెంబరు 28

మధ్యాహ్నం రమణ వచ్చాడు. యూనిఫాం లేదు. మామూలు చొక్కా. గోళ్ళల్లో గ్రీజు.

కాగితం పొట్లం బెంచీ మీద విప్పాడు. రెండు విరిగిన బోల్టులు.

"తోటకెళ్ళి హౌసింగ్ ఇప్పాను అన్నయ్యా."

నేను రేకు మీద ఏదో తుడుస్తున్నాను.

"ఖాళీగా ఉంది."

తుడుస్తూనే ఉన్నాను.

"ఎన్నేళ్ళ కిందటి మాటో, మీరు మర్చిపోయుంటారు" అన్నాడు. నా మొహంలోకి చూడకుండా అన్నాడు. చూసుంటే ఆ మాట అనగలిగేవాడు కాదు. "తప్పు నాదే. ఇప్పి చూసుకోవాల్సింది. ప్రసాదరావు గారికి అదే చెప్పొచ్చాను, నేనే చూసుకోలేదండీ అని."

"నువ్వెందుకు..."

"బానెట్ ఆఖర్న మూసినవాడిదే బాధ్యత. మీరు నేర్పిందే కదా."

జేబులోంచి కొత్త థర్మోస్టాట్ తీసి బోల్టుల పక్కన పెట్టాడు. "ఆయన నన్ను మళ్ళీ బండి ముట్టుకోనివ్వరు. మీరు పెట్టండి. గ్యాస్ మాత్రం పీకొద్దన్నయ్యా. పని బానే కట్టాను."

బానే కట్టాడు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు.

టీ చెప్పాను. తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు, మూడేళ్ళు నా దగ్గర చేసినప్పటిలాగే.

డిసెంబరు 31

వాడికి షాపుందని కుళ్ళాను. లైసెన్సుందని కుళ్ళాను. నా ఖాతాదారుణ్ణి లాక్కున్నాడని కుళ్ళాను. అదంతా ఎంత చిన్న కుళ్ళు!

తెలిసి కూడా నన్ను పట్టివ్వలేదు. మర్చిపోయుంటారని ఒక దారి వేసి మరీ వెళ్ళాడు. ఆ స్థానంలో నేనుంటే ఊరంతా చాటింపు వేసేవాణ్ణి. అలా ఉండటం వాడికెలా వచ్చింది? నా షెడ్డులోనే కదా పెరిగాడు! నేను నేర్పినవాటిలో అది లేదే!

ఇప్పుడు ఆ కడుపుమంట అసలు తగ్గడం లేదు.

జనవరి 2

ప్రసాదరావు గారి ఫోన్. "ఇంక బండి నీదే శేషూ. వచ్చి ఆ గ్యాస్ గోల మొత్తం పీకి అవతల పారెయ్."

నాకు కావాల్సింది ఇదే. డిసెంబరు 3 పేజీ తిప్పి చూసుకున్నాను. సరిగ్గా ఇదే.

"ఎల్లుండి వస్తానండి."

జనవరి 3

థర్మోస్టాట్ గిన్నెలో వేడినీళ్ళలో వేసి చూశాను. తెరుచుకుంది. చల్లబడ్డాక మూసుకుంది. మంచి సరుకు తెచ్చాడు, వెధవ.

సుజాత వంటింట్లో నిలబడి చూసింది. "దేనికది?" అంది. చెప్పబోయాను. "కాఫీ గిన్నె పాడుచేశారు" అని లాక్కుంది.

జనవరి 4

రెడ్డిగూడెం. తోటలో చెట్టు బెరడు లేచిన చోట పేడ మెత్తారు. వెనక బంపర్ లోపలికి వంగింది. మిగతా అంతా బాగానే ఉంది.

గ్యాస్ పీకలేదు. థర్మోస్టాట్ పెట్టాను, కొత్త బోల్టులు బిగించాను, నీళ్ళు నింపాను, బండి స్టార్ట్ చేశాను. పదినిమిషాలకి గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గ్యాస్ మీద ఇంజన్ ఎంత మెత్తగా నడుస్తోందో! ఒక్క తప్పటడుగు లేదు. వాడి పని.

ప్రసాదరావు గారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నారు, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"పీకెయ్యమంటే ఏదో కొత్తది పెట్టావేంటి? అదేంటి?"

చెప్పాను, దాని పని ఏంటో.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు లేదు?" కట్టు సర్దుకుని మళ్ళీ అన్నారు. "రమణ చూసుకోలేదన్నాడు. సరే. అసలు తీసిందెవరు శేషూ? పద్దెనిమిదేళ్ళుగా ఈ బండి చూసింది నువ్వొక్కడివే కదా?"

ఇంజన్ నడుస్తోంది. ఆయన నా వైపే చూస్తున్నారు, కోపంగా కాదు, తెలియక అడిగినట్టు.

బానెట్‌ని నిలబెట్టే కమ్మీ నా చేతిలో ఉంది. ఇంకా మూయలేదు. ఈసారి మూసేది నేనే...