అవ్వ గంజుకు మూత

లక్సెట్టిపేట, జనవరి 3

తమ్ముడు యెషయాకు, పొయ్యి ముందు నుంచి అక్క మగ్దలేనమ్మ వందనాలు.

నా ఫోను నీళ్ల బిందెలో పడింది. బాగయ్యేసరికి నెల పడుతుందట. అందుకని ఈ ఉత్తరం మా వీధి భానుప్రసాద్ నడిపే బస్సులో పంపుతున్నాను. జవాబు కూడా రాసి అతని చేతికే ఇవ్వు. పక్కింటి లస్మవ్వ ఫోనుకు మాత్రం చెయ్యకు. మన మాట మనకంటే ముందు వీధి చివరికి చేరుతుంది.

సంగతేమిటంటే, ఈ నెల 24 నుంచి గోదావరి ఒడ్డున మామిడితోటలో మన సంఘం డేరా కూటాలు ఉన్నాయి కదా. ముప్ఫై ఏళ్లుగా ఆ మూడు రోజుల వంట నాదే. మొన్న ఆదివారం కానుకల పెట్టెలో ఎవడో పేరు లేని కాగితం వేశాడు. మగ్దలేనమ్మకు వయసు మీద పడిందట, పొగలో వండలేదట, పోయినేడు కేకు మాడిందట, వంట క్యాటరింగు వాళ్లకు అప్పగించాలట. కమిటీలో అందరి ముందూ చదివారు. నేను లేచి నిలబడి, "వయసు నా మోకాళ్లకు అయింది, చేతులకు గాలేదు" అన్నాను. చివరికి పాస్టరు తిమోతి అయ్యగారు ఒక మాట మీద తేల్చారు. ముగింపు రోజు ఎనభై మందికి సరిపడా కేకు నేను అక్కడే, డేరాల దగ్గరే చేసి పెట్టాలి. చేస్తే వంట నాది. ఒక్క ముక్క మాడినా క్యాటరింగుకు పోతుంది.

మనల్ని కన్న అవ్వ, మిషను దొరసాని సువార్త చెప్పడానికి డేరాలు వేసుకుని ఊర్లు తిరిగిన రోజుల్లో కేకు చేసిన పోత ఇనుప గంజు నా దగ్గరే ఉంది. దొరసాని దాన్ని డచ్ ఓవెన్ అనేదట. కింద నిప్పులు, మూత మీద నిప్పులు, నడుమ కేకు. గంజు ఉంది గాని మూత ఏనాడో పోయింది. పోయినేడు పళ్లెం కప్పబట్టే మాడింది. నువ్వు గనిలో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరు పని చేసినవాడివి. గంజు మూతి పదహారు అంగుళాలు. పైన నిప్పులు నిలిచే మూత ఒకటి చేసి పంపు.

భారమంతా నీ మీదే వేసిన
అక్క

తా.క. ఆ కాగితం రాసినవాడు దొరికితే కేకు మొదటి ముక్క వాడి నోట్లోనే, గంజులోంచి తీసింది తీసినట్టే పెడతాను.

*

నస్పూర్, జనవరి 6, మొదటి షిఫ్టు

అక్కకు, తమ్ముడు యెషయా వందనాలు. ఇక్కడ మీ మరదలు, నేను క్షేమం.

నీ ఫికర్ నా ఫికర్ కాదా? పాత ఇనుము కొట్లో ట్రాక్టరు దుక్కి డిస్కు ఒకటి దొరికింది. పద్దెనిమిది అంగుళాల ఉక్కు. తుప్పు రుద్ది, నూనె పట్టించి పంపుతున్నాను. గంజు మీద బోర్లించి పెట్టు. నడుమ ఇరుసు పోయే కన్నం ఒకటి ఉంది. దాన్ని చూసి పరేషాన్ కాకు, ఆవిరి పోవడానికి పనికొస్తుంది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. క్యాటరింగు వాళ్లు వస్తే మనకు పోయేదేముంది? వాళ్లే వండుతారు, వాళ్లే గిన్నెలు తోముకుంటారు. నువ్వు హాయిగా కూర్చోవచ్చు.

నీ మేలు తప్ప వేరే కోరని
యెషయా

తా.క. ఆ కాగితం రాసినవాడు మరీ అంత చెడ్డవాడు కాకపోవచ్చు. ఒక్క కొట్టివేత లేకుండా అంత పొందికగా రాశాడంటే ఇంగితం ఉన్నవాడే అయి ఉంటాడు.

*

లక్సెట్టిపేట, జనవరి 9

తమ్ముడు యెషయాకు, కాలిన వేళ్లతో అక్క వందనాలు.

నీ డిస్కు అందింది. బోర్లించి పైన నిప్పులు పోస్తే సగం జారి నా కాళ్ల మీదికి వచ్చాయి. నిలిచిన నాలుగూ, నువ్వు ఆవిరి కోసం వదిలిన కన్నంలోంచి నేరుగా కేకులోకి దిగాయి. లస్మవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుని, "గిదేందక్కా, కేకుల పండ్లపొడి కలిపినవా?" అని అడిగింది. తోముకున్నట్టు వేలు కూడా తిప్పి చూపించింది.

నేను హాయిగా కూర్చోవడానికి పుట్టలేదు. ఇంకోసారి ఆ మాట రాయకు. ఈసారి గంజునే పంపుతున్నాను. ముందర పెట్టుకుని, కొలిచి, గట్టిగా పట్టే మూత చెయ్యి. భానుప్రసాద్ దాన్ని తన సీటు పక్కనే పెట్టుకుని తెస్తానన్నాడు.

రిటైరై ఆరేళ్లయినా తారీఖు పక్కన షిఫ్టు వేయడం మానలేదు నువ్వు. మంచి అలవాటే, ఉండనీ.

కూటాలకు ఇంకా పదిహేను రోజులుందని లెక్కపెట్టుకుంటున్న
అక్క

తా.క. కాగితంలో కొట్టివేతలు లేవని నీకెవరు చెప్పారు? నేను రాయలేదే.

*

నస్పూర్, జనవరి 13, రెండో షిఫ్టు

అక్కకు, తమ్ముడు యెషయా వందనాలు.

కొట్టివేతల సంగతి ఊహించి రాశాను. ఎదుటివాళ్ల మేలు కోరేవాళ్లు నిదానంగా, ఆలోచించి రాస్తారు కదా. అందులో పెద్ద విశేషమేమీ లేదు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

ఇక మూత. నాలుగు రోజులు కూర్చుని చేశాను. గంజు అంచుకు చుట్టూ ఇనుప పట్టీ వేసి, ఎనిమిది బోల్టులతో బిగించే మూత పెట్టాను. గని మిషన్ల బోల్టులు, ఒక్కోటి నా బొటనవేలంత. గాలి కూడా దూరదు. కన్నం లేదు. నిప్పులు జారకుండా పైన అంచు కూడా కట్టాను. కట్టె నిప్పుల తిప్పలు ఎందుకని వెంట ఒక సంచి రాక్షసి బొగ్గు పంపుతున్నాను. బొగ్గు గని మనిషినై ఉండి అక్కను కట్టెలు ఏరుకోనిస్తానా? అంటుకోవడం ఆలస్యం గాని, అంటుకుంటే ఇక ఆరదు.

నీ కోసం చెమటోడ్చిన
యెషయా

తా.క. ఆ బోల్టులకు వచ్చే పానా మీ ఊళ్లో దొరకదు. అందుకని నాదే పంపుతున్నాను. దారిలో పోకుండా భద్రంగా గంజులోపలే పెట్టి మూత బిగించాను.

*

లక్సెట్టిపేట, జనవరి 17

తమ్ముడు యెషయాకు, వందనాలు. ఈసారికి అంతే, వాటి ముందు ఇంకేమీ రాయను.

నీ గంజును సైకిలు షాపుకు మోయించాను. అక్కడ కాలేదు. ట్రాక్టరు మెకానిక్ దగ్గరికి మోయించాను. అతను రెండు పూటలు పెద్ద పట్కారుతో పెనుగులాడి విప్పాడు. లోపల పానా చూసి, "అవ్వా, పానా లోపట వెట్టి బోల్టులు బిగించినాయన ఎవరే?" అన్నాడు. మా తమ్ముడు అన్నాను. "ఏం పని జేస్తుండె?" అన్నాడు. ఫిట్టరు అన్నాను. అది విని అతను పట్కారు సర్దుకున్నాడు. పాపం, కూలి కూడా తీసుకోలేదు.

తరవాత నీ బొగ్గు. అది అంటుకున్నాక వీధిలో రైలింజను ఆగినట్టు పొగ. లస్మవ్వ ఉతికి ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కుంది. కేకు ఎంత వరకు అయిందో చూద్దామంటే ఎనిమిది బోల్టులు విప్పాలి. విప్పేసరికి అడుగంతా బొగ్గే. ఏది నువ్వు పంపినదో, ఏది నేను చేసినదో తెలియలేదు.

అయినా నేను వదలను. ఇంకా ఏడు రోజులు ఉన్నాయి. ముగింపు రోజు కేకు పంచాక ఆ కాగితం పైకెత్తి చూపించి, రాసినవాణ్ని అందరి ముందూ నిలబెడతాను. నువ్వు ముందు వరుసలో ఉండాలి.

ఈ నెలలో మూడో చీర కాల్చుకున్న
అక్క

తా.క. పోయినేడు కేకు మాడిందని రాసినవాడు ఆ మాడిన కేకు నాలుగు ముక్కలు తిని ఉంటాడని నా అనుమానం.

*

నస్పూర్, జనవరి 20, మొదటి షిఫ్టు

అక్కకు, తమ్ముడు యెషయా వందనాలు.

నాకు మోకాలు పట్టేసింది. కూటాలకు రాలేను. మూతలు కూడా ఇక చేయలేను.

ఇప్పుడు చెప్పేది కోపం లేకుండా చదువు. పోయినేడు రెండో రోజు మధ్యాహ్నం నువ్వు వంట డేరా వెనక్కి పోయి, చెట్టు పట్టుకుని, ఊపిరి అందక నిలబడ్డావు. ఎవరూ చూడలేదనుకున్నావు. నేను చూశాను. నీళ్లు తెచ్చేలోపే నువ్వు కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయావు. ఆ రోజు నుంచి నాకు భయంగా ఉంది అక్కా. అవ్వ పోయాక నాకున్నది నువ్వే. ముప్ఫై ఏళ్లలో నువ్వు ఆ కూటాల్లో ఒక్క ప్రసంగం పూర్తిగా వినలేదు. పప్పు పొంగిందనో, బియ్యం చాలలేదనో సగంలో లేచిపోయావు. ఈ ఒక్క ఏడాది ఓడిపో. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

నిన్ను కుర్చీలో చూడాలనుకునే
యెషయా

తా.క. నిన్న కుడి మోకాలు అన్నానట, ఇవ్వాళ ఎడమది పట్టుకుని కూర్చున్నానట. మీ మరదలు ఎగతాళి చేస్తోంది. ఆమె లస్మవ్వ ఫోనుకు చేసి చెబితే నమ్మకు.

*

లక్సెట్టిపేట, జనవరి 27, ఏ షిఫ్టో నువ్వే వేసుకో

తమ్ముడు యెషయాకు, ఈసారి పొయ్యి ముందు నుంచి కాదు, కుర్చీలోంచి అక్క వందనాలు.

నీ మొదటి మూతనే వాడాను. బోర్లించకుండా వెల్లకిలా పెడితే తాంబాళంలాగా అయింది, నిప్పులు కదలకుండా కూర్చున్నాయి. నడుమ కన్నంలో నీ రెండో మూత బోల్టు ఒకటి తోసి బిగించాను. కన్నం పూడింది, పట్టుకోవడానికి పిడి కూడా అయింది. దానికి గొలుసు ముక్క కట్టి, బావిలో పడ్డ చేదను తీసే కొక్కెంతో ఎత్తితే చెయ్యి కాలలేదు. గంజు కింద మూడు ఇటుకలు. తుమ్మ కట్టె నిప్పులు కింద కొన్ని, పైన ఎక్కువ. నీ రాక్షసి బొగ్గును తోట గేటు కూడా దాటనివ్వలేదు.

నీ బోల్టుల మూత కూడా నాకొకటి నేర్పింది. ఆ రోజు అడుగు మాడింది గాని, కేకు మాత్రం ఎన్నడూ లేనంత పొంగింది. తీసి చూడడమే ఇన్నేళ్లూ నేను చేసిన తప్పు. మూత పెట్టాక ముప్పావు గంట ముట్టకూడదు. మరి ఆ ముప్పావు గంట ఏం చేయాలి? పోయి కుర్చీలో కూర్చున్నాను. మూడు వాయిలకు మూడు సార్లు కూర్చున్నాను. ప్రసంగం మొదటి మాట నుంచి ఆమెన్ దాకా విన్నాను. నాకు ఏడుపొచ్చింది. అయ్యగారు తన ప్రసంగానికే అనుకున్నారు. నేను ఏడ్చింది కుర్చీకి.

ఎనభై రెండు ముక్కలు వచ్చాయి. ఒక్కటీ మాడలేదు. అయ్యగారు రెండు తిని, "వంట మగ్దలేనమ్మదే" అన్నారు.

అప్పుడు కాగితం పైకెత్తాను గాని, పేరు చెప్పలేదు. అది కమిటీ రోజు నుంచీ నా బైబిల్లోనే ఉంది. కింద మూలన చిన్న అక్షరాలతో తారీఖు, పక్కన "రెండో షిఫ్టు". కానుకల పెట్టెలో వేసే కాగితానికి షిఫ్టు వేసే మనిషి నాకు తెలిసి లోకంలో ఒక్కడే. అయినా ఒట్టి అనుమానంతో తోడబుట్టినవాణ్ని అనకూడదని, నీ చేతిరాత తెప్పించుకున్నాను. నా ఫోనుకు ఏమీ కాలేదు. నీ మొదటి ఉత్తరంతోనే తేలిపోయింది. మిగతావి మూత కోసం రాయించాను. ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరు పని చేసినవాడు పానాను లోపల పెట్టి బిగించాడంటే నేను నమ్మాలా? నన్ను ఓడించడానికి నువ్వు పడ్డ కష్టానికి వారం రోజులు నవ్వుకున్నాను. నీ ఆఖరి ఉత్తరానికి మాత్రం నవ్వలేకపోయాను.

గెలిచాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. నువ్వన్నది నిజమే, ఆ పొగ ఇక నాకు పడదు. అందుకే వచ్చే ఏటి నుంచి వంట నా తమ్ముడు చేస్తాడని నేనే లేచి చెప్పాను. రానివాళ్ల మీద పని వేయడానికి మన కమిటీ ఏనాడూ వెనకాడలేదు. చేతులన్నీ లేచాయి. నేను పక్కన కుర్చీ వేసుకుని చెబుతాను, నువ్వు వండుతావు.

నిన్ను వదలని
అక్క

తా.క. గంజు ఇవ్వాళ సాయంత్రం బస్సులో వస్తోంది. లోపల అవ్వ కేకు కొలతలు, నీ కాగితం, నీ వాటా కేకు ముక్క ఉన్నాయి. నీ మూతే వేసి, మిగిలిన ఏడు బోల్టులూ మెకానిక్ చేత బిగింపించాను. పానా కూడా భద్రంగా లోపలే ఉంది.