చక్రం డబ్బా

చిట్టీ, నాకు దగ్గు తగ్గింది, దిగులు పడకు.

మా కాలేజీలో నేను చూసుకునే విద్యార్థుల రోబో జట్టు వర్క్‌షాప్ ఉంది కదా. మీ అమ్మ పోయే ముందు ఏడాది సెలవుల్లో వచ్చి, అక్కడి సామానంతా డబ్బాల్లో సర్దింది. చక్రం బిగించే బోల్టు, నట్టు, వాషర్, రెంచి అన్నీ ఒకే డబ్బాలో. మోటారువి ఇంకో డబ్బాలో. “ఇదేమన్నా వంటిల్లా?” అని ఎగతాళి చేశాను. పోయిన వారం వాటన్నిటినీ విప్పి, బోల్టులొక అరలో, నట్లొక అరలో సైజుల వారీగా పెట్టాను. చూడముచ్చటగానే ఉంది.

నిన్న పోటీ ఇక్కడే జరిగింది. మా వంతుకు ఐదు నిమిషాల ముందు రోబో చక్రం ఊడింది. పిల్లలు అరలన్నీ గాలించి సరైన వాషర్ పట్టుకునేసరికి వంతు దాటిపోయింది. జట్టు నాయకురాలు కళ్లు తుడుచుకుంటూ, “చక్రం డబ్బా ఏది సార్? అమ్మగారు సర్దింది ఎవరు కెలికారు?” అంది. “నేనేనమ్మా” అన్నాను. సాయంత్రం అందరం కూర్చుని మళ్లీ మునుపటిలా పెట్టబోయాం. మూడు డబ్బాలు కుదిరాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఏమేం ఉండేవో ఎవరికీ గుర్తు లేదు.

పెరటి కుళాయి బాగైందా? నా పాత కళ్లజోడు పంపు. వంటింటి అలమర ఖాళీ చేస్తానన్నావు, నేను వచ్చేదాకా ముట్టుకోకు. ఉప్పు పక్కన కత్తెర ఉన్నా సరే, అలాగే ఉండనీ. మీ అమ్మ దాన్ని అక్కడ ఎందుకు పెట్టిందో నేను ఎప్పుడూ అడగలేదు.

అల్లుడికి, పాపకు నా దీవెనలు.

మీ నాన్న