సూది వేసుకుంటే బస్సు ఉండదు

5 మార్చి 1991, టూవూంబా, ఆస్ట్రేలియా

మా ఆయన ఆనందబాబు షుగర్ టాబ్లెట్లకి లొంగటం లేదు. ఇక ఇన్సులిన్ తప్పదన్నాడు డాక్టర్. ఇంటి దగ్గర కారు దిగుతూ, సూది మొదలుపెడితే డిపోలో స్కూల్ బస్ నడపనివ్వరు అమృతం, అదీ రూల్ అన్నారు.

హాస్పిటల్లో పేషెంట్లకి సూది వేసుకోవటం నేర్పేది నేనే. ఇంట్లో ఆయనకి మళ్లీ టాబ్లెట్లే అందించాను.

9 మార్చి

ఆయన భీమవరంలో లెక్కల మాస్టారు. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లలేదు. బస్సు దొరికాకే మళ్లీ మనిషయ్యారు. పిల్లలు మిస్టర్ బాబు అంటారు. ఈయన ఎక్కాలు అడగందే దిగరట.

ఆ బస్సు నేనెలా లాక్కోను?

17 మార్చి, ఆదివారం

చర్చి లంచ్. ఆయన ఒట్టి సలాడ్ తింటుంటే కళావతి ఆంటీ, ఏంటయ్యా అలా చిక్కిపోయావ్ అంది. డైటింగ్ అన్నారు. షుగర్ అంటే ఆ మాట డిపోదాకా పోతుందని భయం.

నేనూ నవ్వేశాను.

2 ఏప్రిల్

నీళ్లు తాగుతూనే ఉన్నారు.

18 ఏప్రిల్, సాయంత్రం

పొద్దున ట్రిప్పులో ఒక స్టాప్ దాటేశారు. అక్కడ కరోలిన్ అనే చిన్నపిల్ల చెయ్యి ఊపుతూ నిలబడిందట. ఈయన కళ్లకి అంతా మసక. లోపలి పిల్లలు అరిస్తే ఆపారు. చూస్తే ఆ పిల్ల నడిరోడ్డు మీద బస్సు వెనకాల పరిగెత్తుకొస్తోంది. దాని వెనక లారీ. వాడు బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది.

అక్కడే రేడియోలో ఇంకో డ్రైవర్ని పిలిపించారు. డిపో మేనేజర్‌కి షుగర్ సంగతంతా తనే చెప్పి తాళాలు ఇచ్చేశారు. సారీ మేట్, రూల్ నేను పెట్టింది కాదు అన్నాడట అతను.

బస్సెక్కుతూ ఆ పిల్ల నాకు సారీ చెప్పింది అమృతం, ఆలస్యం తనదే అనుకుంది అని ఏడ్చారు.

19 ఏప్రిల్

సిరంజి నా చేతిలోంచి తీసుకుని తనే వేసుకున్నారు.

26 మే, ఆదివారం

చూపు తేటపడింది. ఇప్పుడు అదే డిపోలో బస్సులు కడుగుతున్నారు. ఇవాళ చర్చిలో లంచ్‌కి ముందు అందరి ఎదుటే చొక్కా ఎత్తి ఇన్సులిన్ వేసుకున్నారు. కళావతి ఆంటీ పాయసం గిన్నె పక్కకి జరిపింది.

తర్వాత నేను గిన్నెలు కడుగుతుంటే టాక్సీ నడిపే యోగానంద్ గారు కిచెన్లోకి వచ్చారు. తలుపు దగ్గరకి వేసి, నాకూ సూది రాశారమ్మా, ఆరు నెలలైంది, ఇంకా మొదలుపెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు అన్నారు. హాస్పిటల్ వాళ్లు టాక్సీ ఆఫీసుకి చెప్తారా అని అడిగారు.

నర్సుగా ఏం చెప్పాలో తెలుసు. ఇంటికి రమ్మన్నాను.

27 మే

వచ్చారు. మా ఆయన కరోలిన్ సంగతి చెప్పారు.

ఇద్దరూ నడుచుకుంటూ క్లినిక్‌కి వెళ్లారు. టాక్సీ మా గేటు ముందే ఉంది.